చావుకైతే అయిదు

రేపు చర్చిలో మామగారు పోయిన నలభయ్యో రోజు ప్రార్థన. గ్రీసు దేశంలో, లారిసాలోని ఆ వంటింట్లో అత్తగారు, పోయినవాళ్ల పేరిట పంచే ఉడికిన గోధుమల మీద చక్కెర పరిచి చదును చేస్తోంది. దాని మీద బాదంపప్పులతో ఆయన పేరు అద్దాల్సిన కోడలు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమే, చూస్తూ నిలబడితే వాటంతట అవే అతుక్కుంటాయా?"

"నా చేత్తో అద్దకూడదు అత్తయ్యా."

"ఏం చేసిందే నీ చెయ్యి?"

"కరోనా కట్టడిలో గడప దాటాలంటే ఎందుకో చెబుతూ సర్కారుకి ఫోన్లో నంబరు పంపాలి కదా. కొట్టుకైతే రెండు, చావుకైతే అయిదు. ఇంట్లో పిల్లలు పిచ్చెక్కిపోతున్నారని, నవంబరులో ఓ ఆదివారం అయిదు పంపి సముద్రానికి తీసుకెళ్లాను."

"పోనీలే. ఊరంతా పంపింది అబద్ధాలే."

"దారిలో పోలీసు ఆపి, ఎవరు పోయారన్నాడు. నోటికి మామయ్య పేరే వచ్చింది. అతను పాపం శిలువ గుర్తు వేసుకుని దారి వదిలాడు."

చక్కెర మీద అత్తగారి చెయ్యి ఆగింది.

"అప్పుడాయన ఈ కుర్చీలోనే కాఫీ తాగుతూ ఉండుంటారు."

"మూడు వారాలకే ఆసుపత్రి. బతికున్న మనిషిని నేనే సాగనంపాను అత్తయ్యా."

"సముద్రం దగ్గర ఏం చేశారు?"

"ఇప్పుడదెందుకు?"

"అడుగుతున్నాగా."

"మన చిన్నది లెఫ్కీ కాలి చెప్పు అలకి కొట్టుకుపోతే అందరం పడీపడీ నవ్వాం." కోడలు తల ఎత్తలేకపోయింది. "పోయినేడాది మొత్తంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు."

అత్తగారు పళ్లెం కోడలి ముందుకు జరిపింది.

"ఆయన పేరు నువ్వే అద్దు. ఈసారి అబద్ధం కాదుగా."