రాయొద్దన్న లైన్లు

హలో… ఆ, నేనేనండీ, హన్నాని. సుందరరావు గారూ, ప్రింటు ఆపండి! నిన్న మెయిల్ చేశానే, ఇంటర్వ్యూల ఫైళ్ళు, అవి—

…అయిపోయిందా? బైండింగ్ కూడానా?

పోనీలెండి. పుస్తకం షాపులోనే ఉంచండి, తార్నాక సిగ్నల్ దగ్గరే ఉన్నాను, ఆటోలో—

…షాపులో లేరా? మరెక్కడ?

…మా గైడు శశిభూషణ్ సార్ క్వార్టర్సా! అయ్యో ప్రభువా… ఎవరు తీసుకెళ్ళమన్నారండీ మిమ్మల్ని?

…అవును, నేనే. సార్ యూనివర్సిటీకి బయల్దేరే లోపు అందాలని మీ కాళ్ళావేళ్ళా పడింది నేనే. ఇచ్చేశారా?

…బెల్లు కొట్టారా. కొడితే కొట్టారు, వెనక్కి వచ్చెయ్యండి. మీకు దణ్ణం పెడతాను.

…ఏమైందంటే ఏం చెప్పమంటారు, కొంప మునిగింది! నా థీసిస్ కోసం మాణికేశ్వర్ నగర్లో అరవై నలుగురు పనివాళ్ళతో మాట్లాడాను కదా. మనిషికో ఫైలు. వాళ్ళు మధ్యలో 'ఇది రాయకు బిడ్డా' అంటారు. అసలు మాట అప్పుడు చెప్తారు. అదీ అదే లైన్లో టైపు చేసి పెట్టుకున్నాను, నా కోసం. గైడుకి ఇచ్చే ముందు అవి తీసెయ్యాలి. కంప్యూటర్లో టెక్స్ట్ ఎడిటర్లో అన్ని ఫైళ్ళూ ఒక్కసారే తెరిచి, 'రాయకు' అని ఉన్న లైన్లన్నిటికీ గుర్తు పెట్టాను—

…ఆ, అదే, ఫిల్టరు. అందులో 'గుర్తు పెట్టిన లైన్లు తీసెయ్' అని ఉంటుంది. దాని కిందే 'గుర్తు పెట్టనివి తీసెయ్' అని ఇంకోటి.

నేను కిందది నొక్కాను, సుందరరావు గారూ. నొక్కి, అన్నీ సేవ్ చేసి, ఒక్కటైనా తెరిచి చూడకుండా మీకు పంపేశాను.

…ఆ. రాయమన్నదంతా పోయింది. రాయొద్దన్నదే మిగిలింది.

…మీకూ పల్చగా అనిపించిందా? అనిపిస్తే ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదండీ!

…లేదు లేదు, మిమ్మల్ని అనట్లేదు. పాత ఫైళ్ళు నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, వాటి గురించి కాదు నా ఏడుపు. ఆ పుస్తకం సార్ చేతిలో పడకూడదు, అంతే. ఆ ఇంట్లో పనిచేసే చిట్టెమ్మక్క మాటలు అందులో ఉన్నాయి. పేరు తీసేస్తే మాత్రం, ఆయనింటి సంగతి ఆయన పోల్చుకోరా?

…తలుపు తీశారా? ఎవరు?

…చిట్టెమ్మక్కేనా? ఆమె చేతికే ఇచ్చేశారా! ఫోన్ ఆమెకివ్వండి. ముందు ఫోన్ ఇవ్వండి!

అక్కా, నేను, హన్నాని… ఆ, బాగున్నా. సార్ ఏం చేస్తున్నారు?

…స్నానం చేస్తున్నారా. దేవుడున్నాడు. అక్కా, ఆ పుస్తకం లోపలికి తీసుకెళ్ళకు. తెచ్చినాయనకే తిరిగిచ్చెయ్యి.

…ఎందుకంటే… నన్ను తిట్టక్కా, పడతాను. నువ్వు రాయొద్దన్నవన్నీ అందులో అచ్చయిపోయాయి. కావాలని కాదక్కా, పొరపాటున.

…ఆ. గ్లాసు సంగతి కూడా. నీకు వేరే గ్లాసని, ఎనిమిదేళ్ళుగా దాన్లోనే టీ పోస్తారని, కడిగి కిటికీ బయటే బోర్లించాలని… నువ్వెలా చెప్పావో అలాగే ఉంది.

…అక్కా, ఏడుస్తున్నావా?

…లేదు, ఇంకా ఎవరూ చదవలేదు. నీ పనికేం కాదు, ఇచ్చెయ్యి చాలు.

…ఏంటీ? ఏ పేజీలోనా? పదకొండు. పదకొండో పేజీలో, పైనే. ఎందుకూ?

…అంకెలొచ్చు నీకు, నాకు తెలుసు. ఎందుకని అడుగుతున్నా!

…మడత పెట్టడమేంటి? అక్కా, వద్దు! మడత పెట్టి సార్ బల్ల మీద… నీకేమైనా పిచ్చా? రేపట్నించి గేటు కూడా దాటనివ్వరు నిన్ను. నా థీసిస్ మీద సంతకం చెయ్యాల్సింది కూడా ఆయనేనక్కా!

…అదే కదా, రాయొద్దన్నది నువ్వే కదా!

…భయపడి అన్నావా. మరిప్పుడు భయం లేదా?

…'భయమైతనే ఉంది, అయినా పెడ్త' అంటావేంటక్కా…

…నేనా? నేను… నాకు భయమేనక్కా. నాకు చాలా భయంగా ఉంది.

…ఎవరది, సార్ గొంతేనా? బయటికొచ్చేశారా? అక్కా, ఇవ్వకు, నేను వచ్చేస్తున్నా, ఐదు నిమిషాలు… చిట్టెమ్మక్కా… హలో? హలో—