తడి గోనెల మధ్య నిండిన ట్యాంకు

గోదావరిఖనిలోని చిన్న షెడ్డు ముందు ఆటో డ్రైవరు దిగాడు. కొత్త రకం గ్యాస్ ట్యాంకు తయారుచేసి అతని ఆటోకు బిగించిన బావమరిది లోపల ఉన్నాడు.

"నిన్న మంచిర్యాల పోతుంటే గోదారి బ్రిడ్జి మీద గ్యాస్ ఒడిసి ఆటో ఆగింది. ఆటోల మీ అక్క ఉన్నది, నొప్పులతోని."

"అక్క ఎట్లున్నది బావా?"

"ఎవరో కారాయన దవాఖానకు తీస్కపోయిండు. తల్లీబిడ్డ మంచిగనే ఉన్నరు. బంకుల నిండ నింపిచ్చిన, సగం తొవ్వల ఎట్ల ఒడిసింది?"

"ట్యాంకుల ఉన్న బొగ్గు పొడి గ్యాస్‌ను పీల్చుకునేటప్పుడు వేడెక్కుతది. బంకుల నింపినట్టు జల్ది నింపితే, ఆ వేడికి గ్యాస్ తక్కువ పడతది."

"నాకు చూపిచ్చిన నాడు నిండ పట్టింది."

"ఆనాడు తడి గోనెసంచులు కప్పి, నాలుగు గంటలు మెల్లగ నింపిన."

"అంటే నీకు ముందే తెలుసు."

"వేడి గుంజే నీళ్ల పైపులు లోపల పెట్టాలె. తర్వాత పెడదామనుకున్న."

డ్రైవరు గోడకున్న పానా తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"అక్కకు ఏం చెప్పినవ్ బావా?"

"గ్యాస్ నింపుడు నేనే మరిచిన అన్న. కొడుక్కు నీ పేరు పెడతనంటున్నది. ముందు ఈ ట్యాంకు ఇప్పు. తర్వాత పోయి, ఆమెకు నువ్వే చెప్పు."