కింద వెన్న, పైన మార్జరిన్

హలో… ఆ, నేనే. ఆయ్లి పెద్దమ్మనే. చెప్పు వెయ్కో… గొంతేంట్రా అలా ఉంది?

రక్తపరీక్షలు వచ్చాయా… పెరిగిందా? తగ్గాలి కదరా, కొలెస్ట్రాల్…

పదకొండు మందిలో తొమ్మిది మందికా…

లేదురా, ఒక్కపూట మానలేదు. రెండు నెలలు, పొద్దునా సాయంత్రం, నువ్వు ఫ్యాక్టరీ నుంచి పంపిన మార్జరిన్, ఆ నూనెతో చేసిన ఉత్తుత్తి వెన్న, రై ధాన్యపు రొట్టె మీద రాసుకునే తిన్నాం. ఊరంతా తిరిగి వీళ్ళని ఒప్పించింది నేనే కదా… పక్కింటి హిల్క్కా ఇక్కడే ఉంది, తనూ తింది, కావాలంటే అడుగు.

శుక్రవారమా?… నీ ఎంజైమ్ తొట్టి మూసేస్తారా… మూడేళ్ళ కష్టం కదరా నాయనా… మళ్ళీ పాత పద్ధతేనా, రసాయనం పోసి సలసల కాచడం…

ఆ, గుర్తుంది. కాగితం మిల్లులో మిగిలిన పైన్ చెట్ల నూనెలోంచి స్టెరాల్ తీస్తారు, కొలెస్ట్రాల్‌ని తగ్గించేది అదే. అదేమో మార్జరిన్‌లో ఊరికే కలవదు. నీ ఎంజైమ్ గోరువెచ్చగా కూర్చోబెట్టి, దానికీ ఆవనూనె కొవ్వుకీ సంబంధం కుదురుస్తుంది… చెప్పావులే, క్రిస్మస్‌కి వచ్చి భోజనమంతా అదే చెప్పావు.

ఎలా రాసుకున్నామా… అందరూ రాసుకున్నట్టే. ముందు వెన్న. దానిమీద నీది.

వెన్న ఎందుకంటావేంట్రా. వెన్న లేని రొట్టె గొంతు దిగుతుందా… మందు వేసుకుంటే తిండి మానేస్తామా… వెన్న బదులు అని నీ కాగితంలో ఎక్కడుంది? రొట్టె మీద రాయమంది. రాశాం.

ఆ… మామూలుకన్నా కాస్త ఎక్కువే. ఎలాగూ నీది తగ్గిస్తుందన్నావు కదా అని.

అరవకు… సరే, తప్పు మాదే. నీ తొట్టి మూతపడితే నాకు మాత్రం నిద్ర పడుతుందా… మీ ఫ్యాక్టరీ పెద్దాయన్ని ఇంకో రెండు నెలలు అడుగు… వెన్న ముట్టుకోం అని మాటిస్తే గడువిస్తాడా? ఇస్తున్నాను మాట. ఊరి తరఫున.

అవునూ, ఫ్యాక్టరీలో మీవాళ్ళవీ తీశారన్నావే, రక్తాలు. అవైనా తగ్గాయా… నసగకు… నీది కూడా పెరిగిందా?

వెయ్కో. నిజం చెప్పు. కింద ఏం రాస్తున్నావు?

వెన్నేగా? నాకు తెలుసురా. ఆ చేతికి కత్తిచ్చి వెన్న రాయడం నేర్పింది నేనేగా…

హలో… హలో…

పెట్టేశాడు, హిల్క్కా. ఆ వెన్న గిన్నె లోపల పెట్టెయ్. రెండు నెలలు ఎవరూ ముట్టకూడదు, మాటిచ్చాను… శుక్రవారం దాకా ఎందుకు, ఇప్పట్నుంచే…

ఆగు. ఈ ముక్కకి రాసుకోనీ.