ముగ్గురికి సరిపడే గాలి

అపార్ట్‌మెంటు సెల్లారులో తమ వాటాకు వచ్చిన సామాన్ల గదిని, అణుబాంబు పడితే తలదాచుకోవడానికి సిద్ధం చేసుకున్నారు లిఫ్టు మెకానిక్కూ అతని భార్యా. ఇంట్లో అనలేని మాట ఒకటి ఉండి, పొద్దున్నే టార్చి పట్టుకుని ఇద్దరే అక్కడికి దిగారు.

“ఇక్కడైతే చెప్పొచ్చుగా? అయిదంతస్తుల కింద ఉన్నాం. అత్తయ్యకు వినబడదు.”

“ముందు ఆ తలుపు వెయ్యి.”

“వేశాను, చెప్పండి. నిన్నటి డ్రిల్లులో పాపా నేనూ నాలుగు నిమిషాల్లో దిగాం. మీరు లిఫ్టు ఆపేసి అయిదో నిమిషానికి వచ్చారు. ఆవిణ్ణెందుకు పిలవలేదు?”

“మోకాళ్ళ నొప్పులు కదా. ఊరికే శ్రమ ఎందుకని.”

“బాంబు పడేటప్పుడూ అలాగే అనుకుంటారా?”

“అబ్బ, పొద్దున్నే మొదలెట్టావా. సైరన్ మోగాక ఆరు నిమిషాలే ఉంటుందన్నారు. మొదటి డ్రిల్లులో అమ్మ మెట్లు దిగడానికి పదమూడు పట్టింది. గడియారం చూసింది నువ్వే.”

“లిఫ్టులో తీసుకురండి.”

“సైరన్ మోగితే లిఫ్టు ఆపెయ్యాలి. ఆపాల్సింది నేనే. అందరికీ ఆపి, మా అమ్మ ఒక్కదానికే నడిపితే...”

“నడిపితే ఏమవుతుంది? ఉద్యోగం పోతుందా? ఆరో నిమిషం దాటాక మిమ్మల్ని అడిగేవాడెవడండీ?”

“మధ్యలో కరెంటు పోతే అందులోనే ఇరుక్కుపోతుంది.”

“సరే, ఎత్తుకోండి. నేను పాపని, మీరు ఆవిణ్ణి.”

“చూద్దాంలే.”

“మీ చూద్దాంలే నాకు తెలుసు. వంటింటి కుళాయిక్కూడా రెండేళ్ళ నుంచీ చూద్దాంలే.”

“అమ్మే అంది, తన సంగతి వదిలెయ్యమని.”

“ఎప్పుడు?”

“మొన్న.”

“మొన్న నేనూ అక్కడే ఉన్నాను. ఇంకో దుప్పటి కావాలా అని మీరడిగారు. నా సంగతి వదిలెయ్యరా, పాపకు కప్పు అంది. దుప్పటి గురించండీ.”

“ఏదైతేనేం. అంది కదా.”

“అది పట్టుకుని ఒప్పుకుందనుకున్నారా? ఇటు చూడండి. నా మొహం చూసి చెప్పండి.”

“టార్చి కళ్ళల్లో కొట్టకు.”

“ఎత్తుకొస్తారా, లేదా?”

“తెచ్చినా లాభం లేదు.”

“ఏంటి?”

“గాలి చాలదు. సందులన్నీ మూసేశాక రెండు రోజులు తలుపు తియ్యకూడదు. గది కొలిచాను, ఒకటికి పదిసార్లు లెక్కేశాను. ముగ్గురికైతే సరిపోతుంది. నలుగురం ఉంటే రెండో రోజు తెల్లారేసరికి... పాప చిన్నది. ముందు దానికే ముంచుకొస్తుంది.”

“మీకెప్పటి నుంచి తెలుసు?”

“ఈ గది ఇచ్చిన రోజు నుంచీ.”

“అంటే ఆ డ్రిల్లు, ఆ పదమూడు నిమిషాలూ...”

“అమ్మ ఆరు నిమిషాల్లో దిగలేదని నీ కళ్ళతో నువ్వు చూడాలని.”

“నా చేతికి గడియారమిచ్చి మరీ చూపించారు.”

“మరి నన్నేం చెయ్యమంటావు? కన్నతల్లి. వారం నుంచీ ముద్ద దిగడం లేదు నాకు. నువ్వే చెప్పు, ఎవర్ని తీసెయ్యను?”

“నన్నడక్కండి.”

“చెప్పు మరి.”

“నన్నడక్కండి అన్నానా. పాపకు మాత్రం ఏం కాకూడదు.”

“నేనంటున్నదీ అదే.”

“నేనేం అనలేదు. మీరే అన్నారు.”

“సరే, నేనే అన్నాను.”

“ఆవిడతో ఏం చెబుతారు?”

“ఏం చెప్పను. ఆ వేళకి నిద్రలో ఉంటే బాగుండును.”

“ఆవిడది కోడినిద్ర. సైరన్ మోగితే లేస్తుంది. లేచి మిమ్మల్నే పిలుస్తుంది.”

“ఇక చాలు, ఆపు.”

“‘నాన్నా’ అని పిలుస్తుందండీ. మీరు మెట్లు దిగిపోతూ ఉంటారు.”

“ఆపమన్నానా. గొంతు తగ్గించు, ఆ నీళ్ళ డ్రమ్ముల వెనక ఏదో కదిలింది.”

“ఎలుకేమో.”

“ఎలుకను కాదురా, మీ అమ్మని.”

“అమ్మా. నువ్విక్కడ...”

“అత్తయ్యా, అది కాదు, మేమేదో ఊరికే...”

“ఆ టార్చి దించు కోడలా, కళ్ళు పోతున్నాయి. మెట్లు దిగలేనని నాకు తెలీదా? అందుకే నాలుగు రోజులుగా ఇక్కడే పడుకుంటున్నాను. మీరు గుర్రుపెట్టగానే దిండు చంకన పెట్టుకుని లిఫ్టులో దిగుతున్నా, మీరు లేచేలోపు ఎక్కుతున్నా. ఇవాళ కాస్త మొద్దునిద్ర పట్టింది.”

“మాకొక్క మాట చెప్పలేదేమమ్మా.”

“ఒక్కరోజు నా గదిలోకి తొంగి చూసుంటే మీకే తెలిసేది.”

“అమ్మా, నా లెక్క విన్నావు కదా. నేను కావాలని...”

“విన్నాన్రా, అంతా విన్నాను. గాలి ముగ్గురికే. ఒకటి పాపది, ఒకటి నాది. ఆ మూడోది ఎవరిదో మీ మొగుడూ పెళ్ళాలు తేల్చుకోండి.”