అచ్చిబాబు గారి వాకింగు

పుష్కరాలయిన ఏడాది, కడియంలో సూరమ్మ టీ బడ్డీ దగ్గర జరిగిన సంగతిది. ఆరోజు కబుర్లు చెప్పింది అచ్చిబాబు గారు. ఆయనకి కాలవ గట్టున మూడెకరాల నర్సరీ ఉంది. ఏడాది కిందట గుండెనొప్పి వచ్చి, బెలూన్ వేయించుకుని బయటపడ్డారు. ఎదురు బల్ల మీద శివరామకృష్ణ మాస్టారు కూర్చున్నారు. పక్కన నించున్నది ఏసుపాదం, అదే నర్సరీలో మామిడి అంట్లు కడతాడు. అతనికీ నెల కిందట ఛాతీలో నొప్పి వచ్చింది. ఇంకోసారి వస్తే ఆస్పత్రి దాకా కూడా రాలేవని డాక్టరు చెప్పేశాడు.

"భయంగా ఉందండి," అన్నాడు ఏసుపాదం. "నడవమన్నారు, ఉప్పూ నూనే తగ్గించమన్నారు. మొదలెట్టడం తేలికేనండి, నిలబెట్టుకోవడమే రావట్లేదు. తమరెలా చేశారండి?"

అచ్చిబాబు గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"చెబుతా విను. నన్ను అరగంట నడవమన్నారా? మొదటిరోజు వేమగిరి దాకా వెళ్ళొచ్చాను. అంతే, ఎక్కువ చెప్పను, నాకు కోతలు గిట్టవు. రెండోరోజు కాళ్ళు ఆగితేగా! రాజమండ్రి దాటేసి, వంతెనెక్కేసి, కొవ్వూరులో తేలాను. అక్కడో ఇడ్లీ తిందామనుకుని, పిండిలో ఉప్పేసుంటారని అనుమానమొచ్చి వెనక్కి తిరిగాను. వంతెన మీద పైన నేను, కింద రాజమండ్రి వైపే పోయే రైలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రైలు ముందెళ్ళిపోయింది," అన్నారు మాస్టారు.

"మీరు పూర్తిగా విన్లేదండీ! నేను గోదావరి స్టేషన్లో దిగి, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటుంటే వచ్చింది మీ రైలు. డ్రైవరు తల బయటపెట్టి, 'ఏవండీ, రేపట్నుంచి కాస్త నెమ్మదిగా నడవండి, ప్యాసింజర్లు నన్ను తిడుతున్నారు' అన్నాడు."

"ఆయ్!" అన్నాడు ఏసుపాదం.

"ఇక తిండి సంగతి. సామర్లకోటలో మా మేనకోడలి పెళ్ళి. మనవాళ్ళ మర్యాద తెలుసుగా, చాలంటే ఇంకో రెండేస్తారు, వద్దంటే అలుగుతారు. మా బావగారు పూతరేకుల పళ్ళెం పట్టుకుని బతిమాలాడు, ఏడ్చాడు, చివరికి గుమ్మానికడ్డంగా పడుకున్నాడు. నేనాయన్ని దాటేసి నడుచుకుంటూ కడియం వచ్చేశాను. అదీ కాకినాడ మీదుగా, దగ్గర దారైతే కాళ్ళకి చాలదని."

"రాత్రిపూట అన్నం?" అడిగారు మాస్టారు.

"ముట్టను! టిఫినే. పెసరట్లు, మధ్యలో ఉప్మా."

"ఎన్నండీ?"

"అన్నం కానప్పుడు లెక్కేంటండీ మాస్టారూ?"

సూరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకమ్మా! ఉప్పు మానేసి మానేసి నా ఒంట్లో ఉప్పన్నదే లేకుండా పోయింది. దోమ కుట్టి, చప్పగా ఉందని ఉమ్మేసి పక్కింటికి పోయేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొన్న డాక్టరు గారు నా గుండె మీద స్టెతస్కోపు పెట్టి, చెవులు మూసుకుని ఎగిరిపడ్డారు. ఈసీజీకి కాగితం చాల్లేదు, గీత గోడెక్కి వీధిలోకి పోయింది. ఇంతలో కరెంటు పోతే, నా వేలికో వైరు తగిలించారండీ, ఆస్పత్రంతా లైట్లు! ఇంటికొచ్చి ఎండిపోయిన సపోటా అంటు మీద చెయ్యేశానా, నా నాడి దానికెక్కి చిగురేసింది. సాయంత్రానికి కాయ కాసింది."

"పండలేదా?"

"పండిందండీ. తీపి కదా, నేను తినలేదు."

ఏసుపాదం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"రేపట్నుంచి నేనూ మీ వెనకాల వస్తానండి. ఒక్కడినీ నావల్ల కావట్లేదు."

"రేపా? రేపు బెంగుళూరుకి మొక్కల లోడుందిగా."

"ఎల్లుండి వస్తానండి."

"ఎల్లుండి వానపడేలా ఉంది."

"పోనీ, ఆ మర్నాడండి."

"నా వేగం నువ్వందుకోలేవయ్యా!"

ఏసుపాదం తల గోక్కున్నాడు.

"అందుకుంటానండి. నేను వాకింగని ఇంట్లో చెప్పి, రోజూ తెల్లారుజామున మన ప్యాకింగ్ షెడ్డులో కొబ్బరిపీచు బస్తాల మీద పడుకుంటున్నానండి. అవతలి వరసలో తమరు గురకపెడుతుంటారు. లేపితే మర్యాదగా ఉండదని ఊరుకున్నానండి."

మాస్టారికి టీ పొలమారింది. సూరమ్మ ఈసారి నవ్వలేదు.

అచ్చిబాబు గారు టీ గ్లాసు పక్కకి జరిపారు.

"ఆ ఆస్పత్రి మంచం మళ్ళీ ఎక్కాలంటే వణుకొస్తుందోయ్ ఏసుపాదం," అన్నారు గొంతు తగ్గించి. "రేపు నన్ను లేపు."

"అలాగేనండి," అన్నాడు ఏసుపాదం. "మరి నన్నెవరు లేపుతారండి?"