ఎర్ర వీరుడి ఊపిరి

డబ్బింగు గది. జపాను సీరియల్ నుంచి కొన్న ముసుగు పోరాటాలకు ఇక్కడి నటుల సన్నివేశాలు అతికించి తీసిన పిల్లల సీరియల్ తెరమీద ఆడుతోంది. అందులోని ఎర్ర వీరుడికి రెండేళ్ళుగా గొంతు ఇస్తున్న ఆమె మైకు ముందు ఉంది. అద్దానికి అవతల సౌండు ఇంజనీరు.

“ఆపు, ఆపు! ఈయన ఆయన కాదు.”

“ఎవరు కాదక్కా?”

“ఎర్ర వీరుడు. లోపలున్న మనిషి మారిపోయాడు.”

“తల నుంచి కాలిదాకా ముసుగేగా! నీకెలా తెలిసింది?”

“ఆయన దూకేముందు ఎడమ మోకాలిని ఒక్క క్షణం కాచుకుంటాడు. సరిగ్గా అక్కడే నేను గాలి పీలుస్తాను. ఈయన టక్కున దూకేశాడు. పీల్చిన గాలి నా గొంతులోనే ఉండిపోయింది.”

“చూసేది ఆరేళ్ళ పిల్లలక్కా. వాళ్ళకి మోకాళ్ళతో పనేంటి? ‘హా’ అని ఒక్క అరుపు అరిచెయ్, భోంచేసొద్దాం.”

“వెనక్కి తిప్పు.”

“అక్కా…”

“తిప్పమన్నానా? అదిగో, చూశావా! ఆయనైతే దెబ్బ కొట్టాక చెయ్యి మెల్లగా దించుతాడు, అవతలివాడికి నిజంగా తగిలిందేమోనని చూసుకున్నట్టు. ఈయనకి ఆ ధ్యాసే లేదు.”

“మొగుణ్ణి గుర్తుపట్టినట్టు చెప్తున్నావే!”

“మొగుణ్ణి ఇంతలా ఎప్పుడు చూశాను? ఉన్న నాలుగేళ్ళూ పేపరు అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. అది సరే, ఎర్ర వీరుడికి నేను రాసిన ఉత్తరం పంపావా?”

“ఏ ఉత్తరం?”

“ఏ ఉత్తరమేంటి? ఎండాకాలంలో ఇవ్వలా? వాళ్ళ భాషలో రాయించి మరీ ఇచ్చాను.”

“ఆఁ, అదా… పంపాన్లే. ముందు ఈ సీన్—”

“జవాబొచ్చిందా?”

“ఏమో… వాళ్ళకి సవాలక్ష పనులుంటాయి. అసలేం రాశావక్కా అందులో?”

“ఏముంది, మోకాలు ఎవరికైనా చూపించుకోమని రాశా. ఇంకా… సోమవారం నా మొదటి టేకు బొంగురుగా వస్తుందని విసుక్కుంటావుగా?”

“ఊఁ.”

“శుక్రవారం ఇక్కడ నోరు మూస్తే, మళ్ళీ ఇక్కడే తెరుస్తాను. రెండ్రోజుల తర్వాత మొట్టమొదట పలికేది ఆయనతోనే. ఆ ముక్కే రాశాను.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“నువ్వెప్పుడడిగావు? నవ్వుతావనుకున్నా.”

“నవ్వట్లేదక్కా.”

“నవ్వట్లేదు సరే, నావైపు చూడట్లేదు కూడా. జవాబొచ్చింది, కదూ?”

“…వచ్చింది. రెండు నెలలైంది.”

“రెండు నెలలు! పని మానేశాడా? మోకాలేనా?”

“కాసిని నీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు. చెప్పు.”

“మనం కొన్న సీరియల్ కొత్తది కాదక్కా. వాళ్ళు తీసి పదకొండేళ్ళైంది. సగంలో ఆయనకి జబ్బు చేసింది. మిగతా సగం ఈయన వేశాడు.”

“మరి ఆయన?”

“లేడు.”

“లేడంటే?”

“మనం మొదటి ఎపిసోడ్ చెప్పేనాటికే లేడక్కా. ఎప్పుడో పోయాడు.”

“…ఈ రెండేళ్ళూ?”

“ఈ రెండేళ్ళూ. చెబితే నువ్విక మైకు ముందు నిలబడలేవేమోనని…”

“మరి జవాబు ఎవరు రాశారు?”

“వాళ్ళావిడ.”

“అయ్యో… ఏమనుకుందో ఏమో! ఎవరో ఊరూ పేరూ తెలియని ఆడది, తన మొగుడికి…”

“ఏమీ అనుకోలేదు. ఉత్తరం నాలుగుసార్లు చదువుకుందట. ఒక్క ఎపిసోడ్ పంపమంది. ఆయన పోరాటాల వీడియో ఆవిడ దగ్గర ఉందట, నీ గొంతు కావాలంది.”

“పంపావా?”

“నిన్నడక్కుండా ఎలా పంపను?”

“ఈ సీన్ పక్కన పెట్టు.”

“అక్కా? ఇవాళ్టికి ఆపేద్దామా?”

“మొదటి ఎపిసోడ్ తియ్యి. అప్పుడాయన నాకు కొత్త, చాలాచోట్ల తడబడ్డాను. ఆవిడ వినేదైతే మళ్ళీ చెప్తాను.”