జయలక్ష్మి గారి ఫర్నేస్ ఇంకా చల్లారలేదు

జయలక్ష్మి గారి కోసం ఈ సాయంత్రం కొండాపూర్‌లోని మన భవనంలో కూడిన అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఆవిడ ఫోటో ముందు నిలబడి మాట్లాడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. నా పేరు సంయుక్త. ఆవిడ పెంచిన స్ఫటికాలను ఎక్స్-రే కింద పెట్టి, లోపల పరమాణువులు ఎలా అమరాయో చెప్పడం నా పని.

మిత్రులారా, ఆసుపత్రికి వెళ్లేముందు స్ఫటికాల కోసం ఆవిడ మొదలుపెట్టిన ఫర్నేస్ మూడో అంతస్తులో, మా ల్యాబ్‌లో ఇంకా నడుస్తోంది. ఈరోజే తెరిచి అందులో ఏముందో చూపిస్తారా అని ఆవిడ భర్త సీతారామాంజనేయులు గారు అడిగారు. సార్, జవాబు చెప్పేముందు నన్ను కాస్త మాట్లాడనివ్వండి.

ఒకసారి స్ట్రాన్షియం, కోబాల్ట్ కలిపి ఆవిడ ప్లాటినం గిన్నెలో కరిగించారు. వేడి ఎక్కువైంది. ఆ ద్రవం గిన్నెనే తినేసింది, చిల్లు పడింది. మేమంతా తలలు పట్టుకున్నాం. ఆవిడ? మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని నవ్వుతున్నారు. "గిన్నె ఎటుపోయిందో చూద్దాం రండి" అన్నారు. అడుగున సన్నటి నల్లటి స్ఫటికాలు! పరీక్షిస్తే, గిన్నెలోంచి పోయిన ప్లాటినం కోబాల్ట్‌తో కలిసి, ఒకటి విడిచి ఒకటిగా గొలుసు కట్టి కూర్చుంది. ఇంకెవరైనా అయితే చెత్తబుట్టలో పడేసేవారు. ఆ తర్వాత మేం చేసిన పనంతా ఆ పొరపాటులోంచి వచ్చిందే.

మా పై అంతస్తు సాఫ్ట్‌వేర్ కంపెనీ మిత్రులారా, ఆ ఎండాకాలం గుర్తుందా? కరెంటు పోయింది. జనరేటర్ అందరికీ చాలదు. ఆవిడ మీ దగ్గరికొచ్చి, "నా స్ఫటికాలకిప్పుడు ఉన్నట్టుండి చల్లదనం తగలకూడదండీ, ఫర్నేస్‌కి కరెంటు సరిపోయేలా మీ ఏసీలు ఆపరూ?" అన్నారు. పాపం, ఆపారు. చెమటలు కక్కుతూ కోడ్ రాశారు. మర్నాడు దెబ్బలాటకొచ్చిన మీ మేనేజర్ తేజ గారిని కూర్చోబెట్టి ఆవిడ స్ఫటికం చూపించారు. ఆయన ఆ తర్వాత రోజూ టీకి మా దగ్గరికే వచ్చేవారు. ఆ టీ కబుర్లు ఇక ఎవరితో చెప్పుకోవాలి? ఏ ఫలితం వచ్చినా ముందు ఆవిడ గదివైపే నా కాళ్లు నడుస్తున్నాయి.

సార్, ఈరోజు తెరవలేం. అది నడుస్తూనే, వేడి కొద్దికొద్దిగా తగ్గుతూ, మెల్లగా, చాలా మెల్లగా చల్లారాలి. ఇప్పుడు తెరిస్తే స్ఫటికాలు పగిలిపోతాయి. ఇది మా శాస్త్రం చెప్పే జవాబు.

పొద్దున మన సెక్యూరిటీ పోచయ్య నన్ను ఆపి, "మేడం పొయ్యి ఇంక నడుస్తున్నదా అమ్మా? జర బంద్ చెయ్యకుండ్రి" అన్నాడు. చెయ్యనని మాటిచ్చాను. చల్లారితేనే స్ఫటికం దక్కుతుందని నాకు తెలియదా? తెలుసు. అయినా అది చల్లారకూడదని ఉంది. ఆవిడ చేత్తో పెట్టిన వేడి ఇప్పుడు అక్కడొక్కచోటే మిగిలింది.

దయచేసి అందరూ లేచి నిలబడండి. ఫోన్లు ఆపేయండి. కాసేపు మాటలు లేకుండా, ఆవిడతో ఉందాం.